ఎవర్‌గ్లేడ్స్ ఛాలెంజ్ రేసు కోసం ఇంట్లోనే సెయిల్ బోటు కట్టుకోవడం ఎలా

ఫ్లోరిడాలో మార్చి మొదట్లో ఒక రేసు జరుగుతుంది, పేరు ఎవర్‌గ్లేడ్స్ ఛాలెంజ్. వాటర్‌ట్రైబ్ అనేవాళ్ళు 2001 లో మొదలుపెట్టారు. టంపా బే ముఖద్వారం దగ్గర ఫోర్ట్ డి సోటో బీచ్ లో బయల్దేరి, గల్ఫ్ తీరం వెంబడి దక్షిణానికి దిగి, ఎవర్‌గ్లేడ్స్ మడ అడవుల అంచు పట్టుకుని వెళ్ళి, ఫ్లోరిడా బే దాటి కీ లార్గో చేరాలి. దూరం సుమారు 300 మైళ్ళు అంటే 480 కిలోమీటర్ల పైనే, గడువు 8 రోజులు, మధ్యలో మూడు చెక్ పాయింట్లు. ఇంజన్ ఉండదు, వెనకాల సపోర్ట్ బోటు ఉండదు, తిండి నీళ్ళు టెంటు అన్నీ మీ బోటులోనే. కయాక్ వాళ్ళు, కానూ వాళ్ళు, చిన్న సెయిల్ బోట్ల వాళ్ళు అందరూ ఒకే బీచ్ నుంచి ఒకేసారి కదులుతారు, అందులో సొంతంగా గరాజ్ లో కట్టుకున్న బోట్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. టంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ వైపు మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్నాం, గరాజ్ లు ఉన్నాయి, సముద్రం పక్కనే ఉంది, చెక్కపని మీద ఇష్టం ఉన్నవాళ్ళూ ఉన్నారు, కానీ ఇలాంటి బోటు ఎలా కట్టాలో తెలుగులో ఎక్కడా సరిగ్గా దొరకదు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు ఇసుక గురించి మాట్లాడాలి

చాలామంది బోటు అనగానే ఎంత స్పీడు వెళ్తుంది అని మొదలుపెడతారు. ఈ రేసుకి అది కాదండీ మొదటి ప్రశ్న. స్టార్ట్ లో బోటు పోటు నీళ్ళు వచ్చే గీతకి పైన, పొడి ఇసుకలో ఉంటుంది. సిగ్నల్ ఇవ్వగానే దాన్ని మీరే నీళ్ళలోకి తీసుకెళ్ళాలి, ఒంటరిగా వచ్చినవాళ్ళు ఒంటరిగా, ఇద్దరు వస్తే ఇద్దరు, బయటివాళ్ళెవరూ చెయ్యి వెయ్యకూడదు. రోలర్లు, కప్పీలు, తాళ్ళు ఏవైనా వాడుకోవచ్చు కానీ వాడినవన్నీ రేసు అంతా బోటులోనే మోసుకెళ్ళాలి. బోటు ఎంత పొడవుండాలి, ఎంత ప్లైవుడ్ పట్టాలి, మాస్ట్ (సెయిల్ కట్టే నిలువు స్తంభం) ఎంత బరువుండాలి, ఎన్ని లీటర్ల నీళ్ళు పెట్టుకోవాలి అన్నీ ఈ ఒక్క రూల్ దగ్గరే తేలిపోతాయి.

స్పీడు లెక్క కూడా చూసుకోండి, భయపడాల్సిందేమీ లేదు. 300 మైళ్ళని 8 రోజులకి పంచితే రోజుకి 37, 38 మైళ్ళు. 3 నాట్ల (సముద్రంలో వేగానికి వాడే కొలమానం) వేగం అంటే గంటకి దాదాపు మూడున్నర మైళ్ళు, ఆ వేగంతో రోజుకి 11 గంటలు కదిలితే చాలు. నీళ్ళలో బోటు పొడవు అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34 తో గుణిస్తే మామూలు బోటు గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది, 15 అడుగుల బోటుకి 5 నాట్ల పైచిలుకు. అంటే 15 అడుగుల బోటు సగం స్పీడు కంటే కొంచెం ఎక్కువతో రోజంతా ఆగకుండా నడిస్తే గడువులోపల చేరిపోతుంది. రేసులో బోటు ఆగిపోయేది వేగం లేక కాదు, గాలి ఎక్కువైనప్పుడు సెయిల్ తగ్గించలేక, గాలి లేనప్పుడు తెడ్డు వెయ్యలేక, ఆటుకి బురదలో చిక్కుకుని లాగలేక, నిద్ర లేక. ఈ నాలుగూ గుర్తుపెట్టుకుని కడితే చాలు.

బరువు బడ్జెట్ కాగితం మీద రాసుకోండి. ఒక్కరే వెళ్తే ఖాళీ బోటు 110, 120 కేజీలు దాటకుండా చూసుకోమంటాను. 4 బై 8 అడుగుల 6 ఎంఎం ఒకూమే (తేలికపాటి చెక్క) ప్లైవుడ్ షీట్ 9 నుంచి 10 కేజీలు ఉంటుంది, అలాంటివి ఏడెనిమిది పడతాయి, కొంత వేస్టేజీ పోతుంది. మిగతాది చెక్క బద్దీలు, ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అని రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), గ్లాస్ క్లాత్ (ఫైబర్‌గ్లాస్ గుడ్డ), పెయింటు. ఆపైన మాస్ట్, సెయిల్, తెడ్లు, లంగరు, నీళ్ళు, తిండి, క్యాంపింగ్ సామాను కలిపితే ఇంకో 80 కేజీలు ఈజీగా అవుతుంది. ఇంత బరువుని పొడి ఇసుకలో ఒక్క మనిషి చేత్తో లాగలేడు, గాలి నింపే రోలర్లు రెండు మూడు కింద వేస్తే మాత్రం కదులుతుంది, గాలి తీసేస్తే అవి చుట్టచుట్టి బోటులో పెట్టేసుకోవచ్చు, ఖాళీ జాగాలో గాలి నింపి కట్టేస్తే బోటు మునక్కుండా తేల్చడానికి కూడా పనికొస్తాయి. తడి ఇసుక మీద రోలర్లు బాగా నడుస్తాయి, మెత్తటి పొడి ఇసుకలో ముందుకి లంగరు పాతి కప్పీతో లాక్కోవడం ప్రాక్టీస్ చెయ్యాలి.

ఏ బోటు కట్టాలి

సొంతంగా డిజైన్ గీసుకోకండి, ముఖ్యంగా మొదటి బోటుకి. ప్లాన్స్ కొనుక్కోండి. ఈ రేసు కోసమే ఆలోచించి గీసిన బోట్లు ఉన్నాయి, నార్త్ కరోలినాలో గ్రాహం బర్న్స్ గీసిన కోర్ సౌండ్ బోట్లు ఈ రేసులో బాగా కనిపిస్తాయి, ఆయన ఈ రేసుని దృష్టిలో పెట్టుకుని ఈసీ 22 అని ఇంకోటి కూడా గీశారు. అవి ఇద్దరికి బాగుంటాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఇంకా చిన్నది చూసుకోవాలి. మాట్ లేడెన్ అనే ఆయన మరీ చిన్న బోట్లలో ఈ రేసు చేశారు, ఆయన బోట్లకి సెంటర్‌బోర్డ్ (బోటు మధ్యలోంచి నీళ్ళలోకి దించే పలక) కూడా ఉండదు, అడుగు అంచుల వెంబడి సన్నటి పలకలు రెక్కల్లా బయటకి ఉంటాయి, వాటితోనే బోటు పక్కకి జారకుండా నిలబడుతుంది. మోకాలి లోతు నీళ్ళలో వెళ్ళాల్సిన చోట అది చాలా తెలివైన పద్ధతి.

నా సలహా, 15 నుంచి 16 అడుగుల లోపు, అడుగు చదునుగా గానీ కొంచెం వి ఆకారంలో గానీ ఉన్నది, ముందూ వెనకా మూసేసిన గదులతో, మధ్యలో మనిషి నిలువుగా పడుకునేంత జాగాతో. 16 అడుగుల లోపే ఎందుకంటే ఫ్లోరిడాలో మోటార్ లేని బోటు 16 అడుగుల కంటే తక్కువ ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 16 దాటితే గానీ తర్వాత చిన్న మోటార్ తగిలించినా గానీ టైటిల్, నంబర్లు వస్తాయి, ఇంట్లో కట్టిన బోటు 16 దాటితే ఇన్‌స్పెక్షన్ కూడా. 15 అడుగుల 11 అంగుళాలు అని ప్లాన్స్ లో కనపడితే అది ఊరికే పెట్టిన కొలత కాదన్నమాట. ఇంకో విషయం, మీ కాలనీలో హెచ్ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే బోటు డ్రైవ్‌వే లో పెట్టనిస్తారో లేదో, గరాజ్ లోపల 16 అడుగులు పట్టి చుట్టూ నడిచే జాగా ఉందో లేదో ప్లైవుడ్ కొనకముందే చూసుకోండి.

చెక్క, కుట్టు

ఈ సైజు బోటుకి స్టిచ్ అండ్ గ్లూ పద్ధతే సరైనది. ప్లైవుడ్ ముక్కల్ని ప్లాన్ ప్రకారం కోసి, అంచుల్లో చిన్న చిన్న బెజ్జాలు వేసి, తీగతో కుట్టి, లోపల మూలల్లో ఎపాక్సీ ముద్ద పెట్టి గ్లాస్ టేప్ అతికిస్తే అదే గట్టి జాయింట్ అయిపోతుంది. బ్రిటన్ లో 1960ల మొదట్లో వచ్చిన మిర్రర్ డింగీతో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది, మామూలు జనం ఇళ్ళల్లో వేలకు వేలు కట్టుకున్నారు. కుట్టి పడవ కట్టడం మనకీ కొత్తేమీ కాదు, కోరమాండల్ తీరంలో మసులా పడవల పలకల్ని మేకు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు, అలల దెబ్బకి పలకలు విరగకుండా వంగేవి. తేడా ఏంటంటే అక్కడ కుట్టు చివరిదాకా ఉంటుంది, ఇక్కడ ఎపాక్సీ గట్టిపడేదాకా మాత్రమే.

ప్లైవుడ్ దగ్గర డబ్బు ఆదా చెయ్యొద్దు. బీఎస్ 1088 (బోట్ల ప్లైవుడ్ కి బ్రిటిష్ ప్రమాణం) గ్రేడ్ ఒకూమే తీసుకోండి, షీట్ ఒక్కోటి వంద డాలర్ల పైమాటే, పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మామూలు ప్లైవుడ్ తో పోలిస్తే ఎక్కువే కానీ మధ్య పొరల్లో ఖాళీలు ఉండవు, బంక నీళ్ళకి ఆగుతుంది. అనుమానం ఉంటే ఒక ముక్క కోసి గంటసేపు నీళ్ళలో మరగబెట్టండి, పొరలు విడిపోతే ఆ షీట్ బోటుకి పనికిరాదు. చుట్టూ బద్దీలకి, గన్వేల్ (బోటు పై అంచు) కి డగ్లస్ ఫర్ గానీ ఇక్కడ లోకల్ గా దొరికే సైప్రస్ గానీ బాగుంటాయి.

షీట్ 8 అడుగులే కాబట్టి రెండు కలపాలి. స్కార్ఫ్ జాయింట్ చెయ్యండి, మందానికి 8 రెట్లు ఏటవాలు, అంటే 6 ఎంఎం కి 48 ఎంఎం. నాలుగు షీట్లు మెట్లు మెట్లుగా ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంప్ చేసి అన్నింటికీ ఒకేసారి తోపడా పట్టొచ్చు, ప్లైవుడ్ పొరల మధ్య బంక గీతలు సమానంగా అడ్డంగా కనిపిస్తుంటే ఏటవాలు కరెక్ట్ గా వస్తున్నట్టు, గీత వంకర పోతే ఎక్కడ ఎక్కువ చెక్కారో వెంటనే తెలిసిపోతుంది. ఇది చాలామందికి భయం కానీ పదునైన తోపడా ఉంటే ఒక మధ్యాహ్నం పని.

ముక్కలు కోసేటప్పుడు కుడి ఎడమ రెండూ కలిపి కోయండి, రెండు పక్కలూ ఒకేలా రావాలి. బెజ్జాలు అంచుకి 10 ఎంఎం లోపలికి, 15 సెంటీమీటర్లకి ఒకటి, ముందు భాగంలో వంపు ఎక్కువ ఉన్నచోట దగ్గర దగ్గరగా. రాగి తీగ అయినా సన్న జిప్ టైలు అయినా సరే. మొదట వదులుగా కుట్టుకుంటూ పోయి, బల్క్‌హెడ్స్ (బోటు లోపలి అడ్డగోడలు) నిలబెట్టి, ఆ తర్వాతే బిగించాలి, ఒక చివర నుంచి బిగిస్తూ వస్తే రెండో చివర ముక్క కలవదు.

ఇప్పుడు మొత్తం పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ ఒత్తి చెప్పే మాట, జిగురు పెట్టకముందు బోటు మెలితిరిగిందేమో చూడండి. ముందు ఒకటి వెనక ఒకటి రెండు తిన్నని బద్దీలు అడ్డంగా పెట్టి, వెనకాల కూర్చుని ఒక కన్నుతో రెండూ ఒకే గీతలో ఉన్నాయా అని చూడాలి. లేకపోతే మూల కింద చిన్న చెక్క పెట్టి సరిచేసి మళ్ళీ చూడాలి. మూల నుంచి మూలకి టేపుతో కొలతలు కూడా తీసుకోండి. ఇవాళ అరగంట ఎక్కువైనా పర్లేదు, ఒకసారి ఎపాక్సీ పట్టేశాక ఆ మెలికని ఎవరూ తీయలేరు, 300 మైళ్ళూ బోటు ఒకపక్కకే లాగుతుంది, మీరు చుక్కాని పట్టుకుని దానితో పోట్లాడుతూనే ఉండాలి. అంతా సరిగ్గా ఉంది అనుకున్నాక కుట్లకి కుట్లకి మధ్య చిక్కటి ఎపాక్సీ చుక్కలు పెట్టి వదిలేసి, మర్నాడు తీగలు తీసేసి, అప్పుడు పూర్తి ఫిల్లెట్ (మూల పొడుగునా పెట్టే ఎపాక్సీ ముద్ద) వెయ్యండి.

ఎపాక్సీతో జాగ్రత్త

ఎపాక్సీ ఏ కంపెనీది అయినా పర్లేదు, కొలత మాత్రం ఆ కంపెనీదే పాటించాలి. కొన్ని రెజిన్ 2 కి హార్డెనర్ 1, కొన్ని 3 కి 1, వెస్ట్ సిస్టమ్ మామూలు హార్డెనర్లు 5 కి 1. హార్డెనర్ కొంచెం ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుంది అనుకుంటారు, పడదు, మెత్తగా జిగటగా ఉండిపోతుంది. ఫ్లోరిడా వేడికి స్లో హార్డెనర్ తీసుకోండి. కలిపింది కప్పులో ఉంచకుండా వెడల్పు ట్రేలో పోసుకోండి, కప్పులో ముద్దగా ఉంటే దాని వేడికి అదే పొగలు కక్కి నిమిషాల్లో రాయి అయిపోతుంది. ఫిల్లెట్ కి చెక్కపొడి, కొంచెం సిలికా కలిపి పీనట్ బటర్ లా చిక్కగా చేసుకుని, చివర గుండ్రంగా ఉన్న పుల్లతో మూలలో లాగాలి, అది ఇంకా పచ్చిగా ఉండగానే పైన 3 అంగుళాల గ్లాస్ టేప్ పరిచి తడిపేస్తే శాండింగ్ సగం తప్పుతుంది.

బయట మొత్తం 6 ఔన్సుల గ్లాస్ క్లాత్ ఒక పొర, అడుగుకి రెండు పొరలు. ఎందుకంటే దారిలో వచ్చే టెన్ థౌజండ్ ఐలాండ్స్ అనే మడ అడవుల దీవుల్లో నీళ్ళ కింద ఆయిస్టర్ గుట్టలు ఉంటాయి, వాటి చిప్పల అంచులు బోటు అడుగునీ కోస్తాయి మీ పాదాల్నీ కోస్తాయి, గట్టి అడుగు ఉన్న బూట్లు లేకుండా దిగొద్దు. పచ్చి చెక్క మీద మొదటి కోటు సాయంత్రం, వేడి తగ్గుతున్నప్పుడు వెయ్యండి. పొద్దున్నే వేస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలో గాలి వ్యాకోచించి బుడగలు బుడగలుగా పైకి వస్తుంది. చాలా ఎపాక్సీల మీద గట్టిపడ్డాక మైనంలాంటి పొర తేలుతుంది, ఇక్కడి తేమకి ఇంకా ఎక్కువ, దాన్ని మామూలు నీళ్ళూ గరుకు ప్యాడ్ తో కడిగాకే శాండ్ పేపర్ పట్టాలి, కడక్కుండా రుద్దితే ఆ మైనం లోపలికే పోయి తర్వాతి కోటు పట్టదు.

చేతికి నైట్రైల్ గ్లవ్స్, శాండింగ్ అప్పుడు మంచి మాస్క్, ఈ రెండింట్లో రాజీ వద్దు. ఎపాక్సీ ఎలర్జీ ఒక్కసారి వచ్చిందంటే జీవితాంతం ఉండొచ్చు, ఆ తర్వాత ఆ డబ్బా మూత తీసినా ఒళ్ళు దద్దుర్లు వచ్చేవాళ్ళున్నారు. చర్మం మీద పడితే అసిటోన్ తో తుడవకండి, అది ఇంకా లోపలికి తీసుకెళ్తుంది, మెకానిక్ లు వాడే హ్యాండ్ క్లీనర్ తో తీసేయండి.

క్లీట్ (తాడు కట్టే కొక్కెం), రింగు, బోల్టు ఏది బిగించినా ముందు పెద్ద బెజ్జం వేసి దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ సరైన సైజు బెజ్జం వెయ్యండి. అప్పుడు స్క్రూ వదులైనా నీళ్ళు చెక్కకి తగలవు. ఎపాక్సీ ఎండకి పాడవుతుంది కాబట్టి పైన పెయింట్ తప్పనిసరి, బయట తెలుపు, లోపల కూడా లేత రంగే, రాత్రి హెడ్‌ల్యాంప్ వెలుగులో కింద పడ్డ చిన్న పిన్ను కూడా కనపడాలి.

మాస్ట్, సెయిల్

ఇక్కడ ఒకటే నియమం, అర్ధరాత్రి, చలిలో, అలసిపోయిన చేతులతో, నీళ్ళలో దిగకుండా సెయిల్ సగానికి తగ్గించగలగాలి, మాస్ట్ ని ఒక్కరే పీకి పడుకోబెట్టగలగాలి. తక్కువ ఎత్తు బ్రిడ్జిల కింద దూరాల్సి వస్తుంది, ఎదురుగాలిలో తెడ్డు వేసేటప్పుడు నిలబడ్డ మాస్ట్ కూడా గాలికి అడ్డమే. అందుకే పక్కలకి వైర్లు కట్టే రిగ్ వద్దు, సొంత బలంతో నిలబడే మాస్ట్ కావాలి. రెండు చిన్న మాస్ట్ ల క్యాట్ కెచ్ నాకు అన్నిటికంటే నచ్చుతుంది, గాలి పెరిగితే ఒక సెయిల్ పూర్తిగా తీసేసినా బోటు బ్యాలెన్స్ చేసుకోవచ్చు, ఒక్కో మాస్ట్ తేలిగ్గా ఉంటుంది. లేదంటే ఒకటే మాస్ట్ తో బ్యాలెన్స్ లగ్ (పైన ఒక కర్రకి కట్టిన నాలుగు మూలల సెయిల్), తాడు వదిలితే సెయిల్ మొత్తం బోటులోకే దిగిపోతుంది, కొత్తవాళ్ళకి అది ఇంకా సింపుల్. ఏదైనా మొత్తం 110 చదరపు అడుగులు చాలు, కనీసం రెండు వరసల రీఫ్ లు (సెయిల్ కొంత మడిచి కట్టి చిన్నది చేసే ఏర్పాటు), నన్నడిగితే మూడు.

మాస్ట్ ని లోపల బోలుగా చెయ్యండి. బర్డ్స్‌మౌత్ అని ఒక పద్ధతి, ఎనిమిది సన్న బద్దీలు తీసుకుని ఒక్కోదానికి ఒక అంచున వి గాడి కోస్తే ఒకదాని నోట్లో ఇంకోటి కూర్చుని గుండ్రటి గొట్టంలా అవుతాయి, గోడ మందం మాస్ట్ వ్యాసంలో అయిదో వంతు ఉంటే సరిపోతుంది. స్ప్రూస్ అయితే మంచిది. జిగురు పూసి హోస్ క్లాంప్ లతో బిగించేటప్పుడు తిన్నటి బల్ల మీదే పెట్టి బిగించండి. ఇదంతా కష్టం అనుకుంటే 6061 టీ6 అల్యూమినియం పైపులు ఒకదాంట్లో ఒకటి దూర్చి కూడా చేసుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు.

సెయిల్ ని మొదట నీలం టార్పాలిన్ లాంటి పాలీటార్ప్ తో చేసి ట్రయల్ వేయండి, సైజు మార్చాలంటే కత్తెర చాలు. రేసుకి మాత్రం 4 ఔన్సుల డాక్రాన్ (సెయిల్స్ కి వాడే పాలిస్టర్ గుడ్డ). సెయిల్‌రైట్ వాళ్ళు కోసిన ముక్కలతో కిట్ అమ్ముతారు, ఇంట్లో జిగ్‌జాగ్ మెషిన్ ఉంటే కుట్టేయొచ్చు, ముక్కలు జారకుండా ముందు డబుల్ సైడ్ టేప్ తో అతికించుకుని కుట్టాలి. రీఫ్ పాయింట్ల దగ్గర, మూలల దగ్గర నాలుగైదు పొరలు వెయ్యండి, చిరిగితే అక్కడే చిరుగుతుంది.

చుక్కాని, బోర్డు, తెడ్లు

ఫ్లోరిడా బే సగటు లోతు మీటరు దగ్గర్లో ఉంటుంది, బురద గట్లు, వాటి మధ్య సన్నటి దారులు. అందుకని చుక్కాని నేల తగిలితే దానంతటదే పైకి లేచేలా ఉండాలి, బోర్డు కూడా అంతే. సెంటర్‌బోర్డ్ పెట్టె బోటు మధ్యలో పడుకునే జాగా తినేస్తుంది, బయట పక్కకి తగిలించే లీబోర్డ్ అయితే లోపలంతా ఖాళీ, నేల తగిలితే పైకి తిరిగిపోతుంది, పెట్టెలోంచి నీళ్ళు కారే సమస్యే లేదు. అందంగా ఉండదు అనేవాళ్ళు ఉన్నారు, నాకు మాత్రం ఆ నిద్ర జాగానే ముఖ్యం.

తెడ్లు లేకుండా ఈ రేసుకి రావొద్దు. మడ అడవుల్లోపల గాలి చచ్చిపోతుంది, పొద్దున పూట గల్ఫ్ కూడా అద్దంలా ఉండే రోజులుంటాయి. తెడ్డు పొడవుకి ఒక మంచి లెక్క ఉంది, రెండు పక్కల ఓర్‌లాక్ ల (తెడ్డు ఆనించే కొక్కేలు) మధ్య దూరంలో సగం తీసుకుని 2 అంగుళాలు కలపండి, దాన్ని 25 తో గుణించి 7 తో భాగించండి. 48 అంగుళాల దూరం అయితే 24 కి 2 కలిపి 26, లెక్క వేస్తే 93 అంగుళాలు, అంటే ఏడున్నర నుంచి 8 అడుగుల తెడ్డు. కూర్చునే పలక, కాళ్ళు తన్నిపెట్టడానికి అడ్డబద్దీ కూడా అప్పుడే ఫిక్స్ చేసుకోండి, కాళ్ళకి ఆనిక లేకపోతే గంటలోనే నడుము పట్టేస్తుంది.

తిరగబడితే, పడుకోవాలంటే

2015 లో ఈ రేసు మొదటిరోజే టంపా బే లో గాలి, అలలు ఎక్కువై చాలామందిని కోస్ట్ గార్డ్ కాపాడాల్సి వచ్చింది, రేసే ఆపేశారు. కాబట్టి బోటు తిరగబడదు అనుకుని కాదు, తిరగబడుతుంది అనుకునే కట్టండి. ముందు గది, వెనక గది, వీలైతే పక్క సీట్ల కింద కూడా, అన్నీ విడివిడిగా నీళ్ళు దూరకుండా మూసేయాలి. హ్యాచ్ మూతలు మాస్ట్, సెయిల్, తాళ్ళకి తగలని చోట పెట్టండి. లీక్ ఉందో లేదో చూడటానికి గదిలోకి నెమ్మదిగా గాలి ఊదుతూ అతుకుల మీద సబ్బునీళ్ళు రాయండి, బుడగ వచ్చినచోట లీక్. బోటు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం ఈ మూతలన్నీ తెరిచే ఉంచండి, ఎండకి లోపల గాలి ఉబ్బి అతుకుల మీద ఒత్తిడి పడుతుంది, తేమ నిలిచి చెక్క కుళ్ళుతుంది.

ఇక అసలు పరీక్ష. నడుం లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి, రేసుకి ఎంత సామాను ఉంటుందో అంతా కట్టేసి, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని కావాలని తిరగెయ్యండి. మీరొక్కరే నిలబెట్టి, లోపలికి ఎక్కి, నీళ్ళు తోడేసి, మళ్ళీ సెయిల్ ఎత్తి వెళ్ళగలగాలి. ఎక్కలేకపోతే వెనక ట్రాన్సమ్ (బోటు వెనక పలక) మీద నుంచి తాడు మెట్టు ఒకటి వేలాడేలా కట్టుకోండి. పూర్తిగా తలకిందులైపోతుంటే మాస్ట్ పైకొనకి ఫోమ్ గానీ, చెక్క మాస్ట్ అయితే దాని బోలు సీల్ చెయ్యడం గానీ ఉపయోగపడుతుంది. అందులో తేలిగ్గా గెలిచాక ఇంకోసారి, ఈసారి గాలి ఉన్నరోజు చెయ్యండి. ఈ పరీక్ష చెయ్యకుండా రేసుకి రావొద్దని ఎవరికైనా చెప్తాను, ఇంట్లోవాళ్ళు ఒడ్డున ఫోను పట్టుకుని మీ ట్రాకర్ చుక్క కదులుతోందా అని చూస్తుంటారు, వాళ్ళకోసమైనా.

నిద్రకి ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చదును జాగా. మడ అడవుల తీరంలో దిగడానికి నేల ఉండదు, వేర్లూ బురదే, కోరింగ వైపు పడవలో తిరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్క్ లోపల నీళ్ళ మీద చికీ అని చెక్క వేదికలు ఉన్నాయి, వాటికి పర్మిట్ కావాలి, పైగా మీరు అలసిపోయినచోటే అవి ఉండవు. కాబట్టి బోటులోనే లంగరు వేసి పడుకోగలగాలి. దోమలు, వాటికంటే చిన్న నోసీఅమ్స్ ఉంటాయి, మామూలు దోమతెర కళ్ళలోంచి అవి దూరిపోతాయి, ఇంకా సన్న కన్ను ఉన్నది తీసుకుని బోటు మీద టెంటులా పరుచుకునేలా కుట్టించుకోండి.

సామాను, ట్రయల్స్

వీహెచ్ఎఫ్ రేడియో, శాటిలైట్ ట్రాకర్, పీఎల్‌బీ గానీ ఈపీఐఆర్‌బీ గానీ (రెండూ ప్రమాదంలో శాటిలైట్ కి సిగ్నల్ పంపే బీకన్లు), ఫ్లేర్లు, విజిల్, స్ట్రోబ్ లైటు, దిక్సూచి, చార్టులు, లైఫ్ జాకెట్, రేసువాళ్ళ లిస్టు చాలా పెద్దది, ఆ ఏడాది రూల్స్ తీసి ఒక్కొక్కటీ టిక్ పెట్టుకోండి. రేడియో, బీకన్ రెండూ బోటుకి కాదు మీ లైఫ్ జాకెట్ కి కట్టి ఉండాలి. నీళ్ళు మనిషికి రోజుకి ఒక గాలన్ చొప్పున, ఒకే పెద్ద క్యాన్ కాకుండా గట్టి ప్లాస్టిక్ వి చిన్న చిన్నవి నాలుగైదు, అడుగున మధ్యలో కడితే బోటుకి కొంచెం బరువు స్థిరంగా కూడా ఉంటుంది. దీవుల్లో రకూన్లు పల్చటి ప్లాస్టిక్ సీసాలు కొరికి నీళ్ళు తాగేస్తాయి, తిండి సంగతి సరేసరి. తిండికి స్టవ్ వెలిగించకుండా తినేవి ఎక్కువ పెట్టుకోండి, వేయించిన అటుకులు, పల్లీ చిక్కీ, జంతికలు చాలా బాగా పనిచేస్తాయి, మొదటిరోజుకి పులిహోర.

మార్చిలో ఇక్కడ కోల్డ్ ఫ్రంట్ లు (ముందుకి తోసుకొచ్చే చలిగాలి అంచులు) వస్తుంటాయి. ఫ్రంట్ రాకముందు గాలి దక్షిణం నుంచి, అది దాటాక పడమర, వాయవ్యం, ఉత్తరానికి తిరుగుతుంది. దక్షిణానికి వెళ్ళే మనకి ఆ ఉత్తరపు గాలి వరం, కానీ అప్పుడే అలలు కూడా లేస్తాయి, చలి కూడా. బయట గల్ఫ్ లో వెళ్ళాలా, దీవుల వెనక ఇంట్రాకోస్టల్ కాలువలో వెళ్ళాలా అనేది ఆరోజు గాలిని బట్టి తేల్చుకోవాలి, బొకా గ్రాండ్ లాంటి పాస్ ల (దీవుల మధ్య గల్ఫ్ లోకి ఉండే సన్న దారులు) దగ్గర ప్రవాహం గట్టిగా ఉంటుంది, గాలికి ఎదురుగా ఆటు లాగుతుంటే అలలు నిలువుగా లేస్తాయి, టైడ్ టేబుల్ చూడకుండా పాస్ లోకి తలపెట్టొద్దు. చొకొలొస్కీ వైపు చెక్ పాయింట్ కి లోపలికి వెళ్ళేటప్పుడు కూడా పోటుతో వెళ్తే సగం పని నీళ్ళే చేస్తాయి, ఆటులో వెళ్తే ఎంత తెడ్డు వేసినా ఉన్నచోటే ఉంటారు.

బోటు అక్టోబరు కల్లా నీళ్ళలో పడాలి. ఫిబ్రవరిలో పెయింట్ వేస్తూ ఉంటే ఆ ఏడాది రేసు వదిలేసి వచ్చే ఏడాదికి పేరు ఇవ్వండి. అక్టోబరు నుంచి వరుసగా, ముందు ఖాళీ బోటుతో పగటిపూట, తర్వాత పూర్తి సామానుతో, తర్వాత ఒక రాత్రి బోటులో నిద్రతో, తర్వాత చీకట్లో సెయిలింగ్. ప్రతిసారీ ఒడ్డుకి రాగానే ఏది వదులైంది, ఏ తాడు చిక్కుపడింది, ఏది చేతికి అందలేదు అని రాసుకుని తర్వాతి ట్రిప్పులోపు సరిచేసుకోండి. డిసెంబరు, జనవరుల్లో ఫ్రంట్ దాటిన మర్నాడు, 15 నాట్ల ఉత్తరపు గాలి ఉన్నప్పుడు, పోటు గీతకి పైన పొడి ఇసుకలో నిండు బోటు పెట్టి రోలర్ల మీద ఒక్కరే నీళ్ళలోకి దింపండి, రెండు రీఫ్ లు కట్టుకుని నాలుగైదు గంటలు తిరిగి, సాయంత్రం అదే బీచ్ కి వచ్చి మళ్ళీ పైకి లాగండి. పైకి లాగలేకపోతే బోటులోంచి ఏమేం తీసెయ్యాలో అక్కడే కూర్చుని లిస్టు రాసుకోండి.